ఉత్తికాళ్ళ బల్ల

పేపర్లో ఆ ఫోటో మోకాళ్ళ దాకానే వేశారు. పాదాలు కూడా వేసి ఉంటే మేమిద్దరం ఇల్లు కదిలేవాళ్ళం కాదేమో.

రోజూ పొద్దున వదిన చొక్కాలకు కాజాలు కుడుతూ కూర్చుంటుంది. నేను పక్కన చేరి పేపరు చదివి వినిపిస్తాను. నేను బడికి పోయినదాన్ని కాదు. సరుకులు కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. కథ మధ్యలో కాగితం చిరిగిపోయి ఉంటే ఆ రోజంతా నా మనసు అక్కడే ఉండిపోయేది. ఇప్పటికీ ఏది మొదలుపెట్టినా చివరి ముక్క దాకా చదివితే గాని నాకు తోచదు.

ఫోటో కింద రాసినదాని సారం ఇది. యుద్ధంలో మామూలు సిపాయిలు తీరిక వేళల్లో చేసిన వస్తువులన్నీ సేకరించి పట్నంలో ఒక పాత గోదాములో ప్రదర్శనకు పెట్టారు. ఫిరంగి గుళ్ళ ఇత్తడి డొప్పలతో చేసిన పూలకుండీలు, తిండి పళ్ళెం వెనక మేకుతో గీసిన ఆడమనిషి ముఖం, సబ్బు బిళ్ళలతో చెక్కిన చదరంగం పావులు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ఒక గుడారం గోడ. యుద్ధానికి ముందు దుకాణాల బోర్డులు రాసుకునే ఒక ఆర్టిస్టు, తన దళంలో వాళ్ళందరినీ ఒక పొడుగాటి బల్ల మీద వరసగా కూర్చున్నట్టు ఆ గోడ మీద వేశాడు. అందరికీ ఉత్తికాళ్ళే. ఎవరికైనా ఇంటికి వెళ్ళమని ఉత్తర్వు వస్తే, బయలుదేరేలోపు, బొమ్మలో అతని పాదాలకు అతను కోరిన చెప్పులు వేసేవారట. చనిపోయినవాళ్ళ పాదాలు అలాగే వదిలేసేవారట. దళంలో అది రూలు.

ఆ బల్ల మీద ఎడమ చివర మొదటివాడు మా అన్నయ్య. చేతులు కట్టుకుని, భుజాలు కాస్త పైకెత్తి, పిండి పొంగేదాకా కాచుకుని కూర్చున్నట్టు కూర్చున్నాడు. రొట్టెల కార్ఖానాలో పిండి కలిపేవాడు. ఎక్కడ కూర్చున్నా అలాగే కూర్చునేవాడు.

పేపరు వదిన ముందు పెట్టి వేలితో చూపించాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"కాళ్ళేవి?" అంది.

"వెయ్యలేదు వదినా. అక్కడికి కత్తిరించేశారు."

"సరిగ్గా అక్కడే పడాలా వాళ్ళ కత్తెర," అంది. మళ్ళీ సూది తీసుకుంది గాని ఆ కాజా వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టింది.

మా వీధి మలుపులో రాళ్ళు చెక్కే అతని షెడ్డు ఉంది. యుద్ధంలో పోయిన మా ఊరివాళ్ళ పేర్లు చెక్కిన రాయి అక్కడ పడుకోబెట్టి ఉంది. నెలాఖరుకి దాన్ని నిలబెడతారు. అందులో ఒక పేరుకి సరిపడా ఖాళీ ఉంది. అన్నయ్య చనిపోయాడని ఎవరూ చెప్పలేదు, జాడ తెలియదన్నారు, అంతే. అందుకని ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటేనే పేరు చెక్కుతారు. నిలబెట్టిన రాయి మీద తను ఉలి పెట్టనని, బీటలిస్తే తన పేరు పోతుందని అతను వారానికోసారి వచ్చి చెబుతున్నాడు.

"ఏం చెప్తావక్కా?" అని అతను అడిగినప్పుడల్లా వదినది ఒకటే జవాబు.

"ఆయన ఇంకా రాలేదు. వచ్చాక అడుగు."

ఇది హాస్యానికి అనే మాట కాదు. మా మేడమీద ఒకావిడ ఉండేది, ఇప్పుడు లేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ, అన్నయ్య ఎక్కడో ఇంకో కాపురం పెట్టుకుని పిల్లల్ని కని సుఖంగా ఉన్నాడని, పెళ్ళాం చేసిన పనికి మళ్ళీ ఈ గడప తొక్కడని మెట్ల మీద నిలబడి నలుగురికీ చెప్పేది. వదిన విని ఊరుకునేది. వెళ్ళినవాడు తన దగ్గరికి రాలేక ఆగిపోయాడా, రావడం ఇష్టం లేక ఆగిపోయాడా అన్నదొక్కటే ఆమెకు కావలసింది. అది తేలకుండా రాయి మీద పేరు పెట్టించడం ఆమెకు అబద్ధం ఆడినట్టుగా ఉండేది.

పెళ్ళాం చేసిన పని ఏమిటో మా వీధిలో అందరికీ తెలుసు. అన్నయ్య ఎవరికీ చెప్పకుండా సైన్యంలో పేరిచ్చి వచ్చాడు. అప్పటికి వాళ్ళకి పెళ్ళై ఏడాది కాలేదు. బయలుదేరే రోజు పొద్దున వదిన అతని చెప్పులు దాచేసింది. మనిషిని ఆపడానికి ఆమెకు ఇంకేమీ తోచలేదు. కొత్త చెప్పులు. కొన్న వారంలోనే బొటనవేలి పట్టీ ఊడితే వదినే ఎర్రటి కాజా దారంతో, చొక్కాకి కాజా కుట్టినంత శ్రద్ధగా కుట్టింది.

"నా చెప్పులేవి?"

"వెతుక్కో."

"బండి వెళ్ళిపోతుందే."

"వెళ్ళనీ."

మంచం కింద, అటక మీద, బొగ్గుల సంచిలో వెతికాడు. తర్వాత నవ్వలేదు, కసరలేదు. ఉత్తికాళ్ళతో గడప దిగాడు. వదిన పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. నేను వెనకాలే వీధి మలుపు దాకా వెళ్ళాను. అక్కడ కుడివైపు తిరగవలసినవాడు ఎడమవైపు తిరిగి, నాలుక కరుచుకుని, వెనక్కి వచ్చి కుడివైపు వెళ్ళాడు. చిన్నప్పటి నుంచీ అతనికి కుడి ఎడమలు తెలిసేవి కావు. ఆ పొరపాటు వల్ల నాకు అతని ముఖం ఇంకోసారి కనబడింది. ఎవరిని సాగనంపినా, మనిషి మలుపు తిరిగాక నేను ఇంకాసేపు నిలబడి ఉండేది అందుకే.

పేపరు చూసిన మర్నాడే పట్నం బయలుదేరాం. తాళం వేశానా అని నేను రెండుసార్లు వెనక్కి వచ్చాను. బండి రావడానికి బోలెడు వ్యవధి ఉండగానే స్టేషన్లో కూర్చున్నాం. వదిన ఒళ్ళో గుడ్డ సంచి, అందులో అన్నయ్య చెప్పులు. ఊరు దాటి ఎక్కడికి వెళ్ళినా అవి సంచిలో ఉండాలి ఆమెకు. ఆయన ఎక్కడ ఎదురుపడతాడో తెలియదు కదా అంటుంది. ఏటా వానలు వెళ్ళాక వాటికి ఆముదం పట్టిస్తుంది. తోలు ఇప్పటికీ మెత్తగానే ఉంది.

పట్నంలో స్టేషన్ మెట్లు దిగుతుంటే వదిన సొంత చెప్పు పట్టీ తెగింది. పిన్నీసు పెట్టి సరిచేశాను. గోదాము చేరేదాకా కాలు ఈడ్చుకుంటూ నడిచింది.

గోదాము పైకప్పు రేకులది. కిటికీలు పైన ఎక్కడో ఉన్నాయి. వస్తువులు బల్లల మీద పరిచారు, ఒక్కోదాని దగ్గర చిన్న చీటీ ఉంది. నేను అలవాటు కొద్దీ మొదటి చీటీ చదవబోయాను. వదిన నా మోచెయ్యి పట్టుకుని తిన్నగా లోపలికి లాక్కుపోయింది.

గుడారం గోడ ఇనప కడ్డీకి వేలాడుతోంది. మడతలు పడిన చోట రంగు రాలింది, అంచుల్లో తాళ్ళు దూర్చే కన్నాలు తుప్పు పట్టాయి, ఒక మూల ఎలుక కొరికింది. బల్ల మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా తిన్నగా, బోర్డు మీద అక్షరాల కింద గీసే గీతలా ఉంది. వదిన ముఖాలు చూడలేదు. నడుం వంచి, కుడి చివర నుంచి, పెళ్ళింటి ముందు విడిచిన చెప్పుల్లో తనవి వెతుక్కునేదానిలా, పాదాలు చూసుకుంటూ నడిచింది. ఒకతనికి తెల్లటి కాన్వాసు బూట్లు. పక్కవాడికి ఉత్తికాళ్ళు. ఇంకొకతనికి మోకాళ్ళ దాకా వచ్చే వాన బూట్లు. ఆ తర్వాత వరసగా ఉత్తికాళ్ళు, ఉత్తికాళ్ళు. ఒకతనికి ముసలివాళ్ళ కిర్రుచెప్పులు. మళ్ళీ ఉత్తికాళ్ళు.

అన్నయ్య దగ్గరికి వచ్చి ఆగింది. మనవైపు నుంచి చూస్తే ఎడమపక్కనున్న కాలికి, అంటే అతని కుడికాలికి, చెప్పు ఉంది. రెండో కాలు ఉత్తిది.

"కాస్త జరగండమ్మా, వెలుతురు అడ్డం," అన్నారెవరో.

ముందు పీట వేసుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. చిన్న డబ్బాలో గోధుమరంగు కలుపుతున్నాడు. 

ప్రదర్శన చూసుకునే అమ్మాయి వచ్చి చెప్పింది. "ఇది వేసింది ఈ తాతగారేనండి. ఒక్క చెప్పు మిగిలిపోయిందట. పూర్తి చేస్తానంటే సరే అన్నాం."

"ఎందుకు మిగిలింది?" అంది వదిన.

"రంగు ఆరకండి," అన్నాడు ఆయన తల తిప్పకుండానే. "నాది బోర్డుల చెయ్యి. ఎడమ నుంచి కుడికి పోతాను, అక్షరమైనా అంతే, కాలైనా అంతే. ఇటు కాలు వేశాను. అడుగున పొగమసి, కిరసనాయిలు. పైన బూటు పాలిష్. అది ఆరితే గాని అటుది వెయ్యకూడదు, చెయ్యి తగిలి అలుక్కుపోతుంది. రేపు పొద్దున్నే వేస్తాలే అన్నాను. ఆ సాయంత్రమే గుడారాలు పీకెయ్యమన్నారు. సామాను బండ్లతో పాటు నన్ను ఒక దారిన పంపారు. వీడు స్టేషన్ దారిన పోయాడు. ఇంటికి పోయుంటాడు. ఒంటి చెప్పుతో పంపించానే అని ఇన్నేళ్ళూ నాకు పళ్ళలో పీచు ఇరుక్కున్నట్టుండేది."

"పాలిష్ అంటున్నారు, మరి బూట్లకి?" అంది అమ్మాయి.

"బూట్లకెక్కడిదమ్మా, ఉన్నదంతా గోడకే పోయేది. పెరేడ్లో మా దళం బూట్లు ఒక్కటే దుమ్ము కొట్టుకుని ఉండేవి. అందరికీ శిక్ష వేశారు. గోతులు తవ్వారు గాని పాలిష్ మాత్రం నాకే ఇచ్చారు."

"ఇతను మా అన్నయ్య," అన్నాను. "ఈవిడ ఆయన భార్య."

ముసలాయన కుంచె డబ్బా అంచు మీద పెట్టాడు. పీట మీద నుంచి లేవడానికి అమ్మాయి చెయ్యి అందుకున్నాడు. లేచాక వదిన ముఖంలోకి చూసి, "చెప్పులు దాచిన చెల్లెమ్మా?" అన్నాడు.

 వదిన చెవులు ఎర్రబడ్డాయి. అంత వయసులో అలా ఎర్రబడటం నేను మొదటిసారి చూశాను.

"ఎక్కడ దాచావమ్మా? ఆ ఒక్క సంగతి చెప్పు ముందు. దళమంతా సిగరెట్లు పందెం కాసింది. నేను బావిలో పడేసుంటుంది అన్నాను. వంటవాడు కప్పు మీద అన్నాడు. ఒకడు, పక్కింట్లో ఇచ్చేసుంటుంది, ఆడవాళ్ళు అలాగే చేస్తారు అన్నాడు."

"పిండి డబ్బాలో," అంది వదిన.

ముసలాయన కొంచెం ఆలోచించాడు. "పిండి కలిపేవాడు పిండి డబ్బాలో చూడలేదా?"

"ఇంట్లో పిండి ముట్టుకునేవాడు కాదు. రోజంతా అదే చేసి వస్తాను, ఇంట్లో కూడానా అనేవాడు."

ఆయన నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక గోడ వైపు చెయ్యి చూపించాడు. "ఈ రూలు నాది అనుకుంటున్నారు పేపరువాళ్ళు. నాది కాదు, నీది. మొదట వేసింది వీణ్ణే. బూట్లు వెయ్యబోతే వద్దన్నాడు. ఇవి సర్కారువి, నావి ఇంట్లో ఉన్నాయి, మా ఆవిడ దాచిపెట్టింది, ఇంటికి పోయేదాకా ఉత్తికాళ్ళే వెయ్యి అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. 'ఉత్తికాళ్ళోడు' అని పేరు పెట్టారు. రెండోవాడు వచ్చి కూర్చున్నాడు, బూట్లు వెయ్యబోయాను. నావీ ఇంట్లోనే ఉన్నాయి, నాకూ అలాగే వెయ్యి అన్నాడు. ఇంక చూస్కో. ఇదుగో ఈ బల్లంతా అదే."

వదిన బల్లను ఈ చివర నుంచి ఆ చివర దాకా మళ్ళీ చూసింది. ఈసారి ముఖాలు చూసింది.

"వెళ్ళేటప్పుడు ఒక్కొక్కడు ఒక్కో కోరిక. వాడికి తెల్ల బూట్లు కావాలి. వీడి వీధిలో వాన పడితే నీళ్ళు నిలుస్తాయట, వీడికి వాన బూట్లు. అతనికి మామగారి కిర్రుచెప్పుల మీద కన్ను. ఉత్తికాళ్ళోడికి ఉత్తర్వు వచ్చిన రోజున అడిగాను, నీకేం కావాలిరా అని. కొత్తవేం వద్దు, ఇంట్లో ఉన్నవే వెయ్యి, వెళ్ళగానే అడిగి తీసుకుని వేసుకుంటాను అన్నాడు. బొటనవేలి దగ్గర ఎర్ర కుట్టు ఉండాలన్నాడు. ఎరుపెక్కడిది నాకు? కాంపౌండరు కాళ్ళు పట్టుకుని ఎర్ర మందు తెచ్చాను. ఇప్పుడు వెలిసిపోయింది గాని, అప్పుడు చూడాలి."

దగ్గరికి వంగి చూశాను. బొటనవేలి పట్టీ మీద లేత నారింజ రంగులో సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, అచ్చం కాజా కుట్టు.

"అవునూ," అన్నాడు ఆయన మా వెనక తలుపు వైపు చూస్తూ. "మీరిద్దరే వచ్చారేం? వాడేడి?"

వదిన సంచి నేల మీద పెట్టి, చెప్పులు తీసి, బొమ్మ కింద జతగా పెట్టింది. ముసలాయన వాటిని చూశాడు, బొమ్మ చూశాడు, మళ్ళీ వాటిని చూశాడు. ముఖం ముడుచుకున్నాడు.

"కుట్టు ఎడమదానికి ఉందే. నేను వేసింది కుడికాలికి. కుడిదానికే అని వాడే చెప్పాడు. తప్పు నాది కాదు."

"ఆయనదే," అంది వదిన. ఆమె నవ్వింది. పళ్ళు లేని చోట నాలుక కనబడేంత నవ్వింది. "ఆయనకి కుడేదో ఎడమేదో ఏనాడు తెలిసింది గనక."

"తెలియడమా? డ్రిల్లులో ఒక బూటుకి గుడ్డపీలిక కట్టాం వాడికి. గుడ్డ కాలు, ఉత్త కాలు అని అరిస్తే నడిచేవాడు. ఆఫీసరు కూడా అలాగే అరిచేవాడు చివరికి."

 నవ్వు వదిన ముఖం మీద ఇంకా ఉంది. అది ఉండగానే చెప్పింది.

"ఆయన రాలేదు అన్నయ్యగారూ."

ముసలాయన పీట కోసం చేత్తో తడుముకుని కూర్చున్నాడు. "రాకపోవడమేమిటి. స్టేషన్ దారిన కదా పోయాడు," అన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ఆ దారిలో వంతెన ఉంది. ఆ రాత్రి దాన్ని కూల్చేశారు. దాటేసి ఉంటాడులే అనుకున్నాను. అలా అనుకోకపోతే ఎట్లా చెల్లెమ్మా."

"అవును," అంది వదిన. "నేనూ అలాగే ఏదో ఒకటి అనుకుంటూనే ఉన్నాను."

అమ్మాయి ఒక కుర్చీ తెచ్చింది. వదిన కూర్చోలేదు. ఆయన డబ్బాలో రంగు ఇంకోసారి కలిపాడు. "అయినా వేసేస్తాను," అన్నాడు. "ఉత్తర్వు అయితే వచ్చింది కదా. కాగితం నేను చూశాను."

"వద్దు."

"ఒంటి చెప్పుతో ఎట్లా ఉంటాడమ్మా?"

"ఉంటాడు. ఇల్లు చేరినవాళ్ళకే కదా రెండూ."

ఆయన కుంచె తీసి గుడ్డతో తుడిచాడు. ఆ గుడ్డ మడత పెట్టి డబ్బా మీద కప్పాడు. రూలు నీదేగా, నీ ఇష్టం అన్నట్టు తలాడించాడు గాని పైకి అనలేదు.

అమ్మాయి కొంచెం బెరుగ్గా అడిగింది. "అమ్మమ్మగారూ, ఆ చెప్పులు మాకిస్తారా? ఇక్కడే, బొమ్మ కింద అద్దాల పెట్టెలో పెడతాం. ఎంతమంది చూస్తారో."

"ఎలా కుదురుతుందమ్మా? నా చెప్పు తెగింది," అంది వదిన. పిన్నీసు పెట్టినదాన్ని, దాని జతని తీసి సంచిలో వేసింది. అన్నయ్య చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. మడమ వెనక నాలుగు వేళ్ళ ఖాళీ. అలాగే నడిచింది. సిమెంటు నేల మీద అవి టపటపలాడుతుంటే ముసలాయన తలుపు దాకా చూస్తూ కూర్చున్నాడు. నేను వెనక్కి తిరిగి రెండుసార్లు చూశాను. రెండుసార్లూ చూస్తూనే ఉన్నాడు.

బండిలో కిటికీ పక్కన కూర్చుంది. చాలా దూరం వచ్చాక, "మేడమీద ఆవిడ ఉండి ఉంటే బాగుండేది," అంది.

"ఎందుకు వదినా?"

"చూపించేదాన్ని."

కాస్త ఆగి ఒక చెప్పు విడిచి బొటనవేలు నిమురుకుంది. ఎర్రగా కందింది.

"కరుస్తున్నాయా?"

"కొత్త చెప్పులు. కరవకుండా ఉంటాయా."

మా వీధి మలుపు చేరేసరికి రాళ్ళాయన షెడ్డు కట్టేస్తున్నాడు. వదినను చూసి, ఆమె కాళ్ళు చూసి, అడగాలా వద్దా అని తటపటాయించాడు.

"ఏం చెప్తావక్కా?" అన్నాడు అలవాటు కొద్దీ.

"చెక్కు."

అతను రాయి మీద కప్పిన గోనె తీశాడు. ఖాళీని జానతో కొలిచి, సుద్దముక్క తెచ్చాడు. "పేరు పక్కన ఏదైనా పెట్టనా? కొందరికి దళం పేరు పెట్టించారు. చోటుంది."

వదిన ఆలోచించింది. ఆ మాట అనేస్తుందేమో అనుకున్నాను. ఉత్తికాళ్ళోడు అని.

"పేరు చాలు," అంది.

అతను సుద్దతో గీత గీసేదాకా నిలబడి చూసింది. గీత తిన్నగా వచ్చాక కదిలింది. ఇంటికి వచ్చి, చెప్పులు వాకిట్లో నా చెప్పుల పక్కన విడిచి, కాళ్ళు కడుక్కోవడానికి పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళింది. అవి వాకిట్లో వదిలెయ్యగా నేను ఎన్నడూ చూడలేదు. నేను తాళం తీసి, దీపం వేసి, మళ్ళీ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

"లోపల పెట్టనా వదినా? ఎవరైనా ఎత్తుకుపోతారు."

పెరట్లోంచి నీళ్ళ చప్పుడు ఆగింది.

"ఎత్తుకుపోతే పోనీ," అంది. "చెప్పులేగా."